గ్వాయూసా పొయ్యి దగ్గర చెప్పిన కల

చల్వయాకు,
మే 9, 1993.

పూయోలో ఉన్న వదినగారు దోమితీలాకి, మీ తమ్ముడి భార్య జెనోవేవా నమస్కరించి రాసేది.

మేమంతా బతికే ఉన్నాం. ఉత్తరం మొదట్లో క్షేమం అని రాయాలి, తెలుసు. కానీ పన్నెండు రోజులుగా మాకు ఆ మాట చాలడం లేదు. బతికే ఉన్నాం వదినా, తొమ్మిది ఇళ్ళ వాళ్ళమూ, చంటిపిల్లలతో సహా, పక్కింటి ఎర్మెలిందమ్మ కోళ్ళతో సహా. ఏరు పొంగిందని అక్కడ రేడియోలో చెప్పారో లేదో. చెప్పినా మన ఊరి పేరు ఎత్తి ఉండరు.

మీకూ మావయ్యకీ మాటల్లేక మూడేళ్ళయింది. అత్తయ్యకి జ్వరం కాసినప్పుడు ఆవిడ కన్న కల విని, తగ్గిపోతుందిలే, ఆసుపత్రి అక్కర్లేదు అన్నది మావయ్యే. ఆవిడ పోయిన రోజు మీరు వాకిట్లో నిలబడి, నీ కలలే మా అమ్మని మింగాయి నాన్నా అని వెళ్ళిపోయారు. ఆ మాట ఊళ్ళో ఎవరూ మళ్ళీ అనలేదు, ఎవరూ మర్చిపోలేదు. మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయట్లేదు. నా కళ్ళతో చూసింది మీ చెవిన వెయ్యకుండా ఉండలేక రాస్తున్నాను.

మీరు వెళ్ళాక కూడా ఇంట్లో గ్వాయూసా ఆకు కాచుకోవడం మానలేదు. అత్తయ్య లేచినట్టే తెల్లవారుజామున మూడింటికి లేచి కుండ నేనే పెడుతున్నాను. పతాతే కొండల్లోంచి కోడలిగా వచ్చిన కొత్తల్లో, ఈ చీకట్లో ఆకు కషాయం ఏంటి తల్లీ అని నేను ఏడుస్తుంటే మీరు పడీ పడీ నవ్వేవారు. మా ఊళ్ళో కాఫీ తాగితే నాకు గుండె దడదడలాడేది. ఇది అలా కాదు. మొదటి చిప్పతో నోరు పుక్కిలించి ఉమ్మేసి, రెండో చిప్ప నెమ్మదిగా తాగుతుంటే కడుపు కుదుటపడుతుంది, నిద్ర దానంతట అదే లేచి వెళ్ళిపోతుంది. ఒంట్లో కంగారుండదు. మనసు తుడిచిన గచ్చులా ఉంటుంది. వేటకెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం దాకా ఇంకేం తినకుండా తిరిగేది దీని మీదే కదా. అయినా పన్నెండు రోజుల క్రితం వరకూ ఇదొక మంచి అలవాటనే అనుకున్నాను. అంతకు మించి ఏమిటో అప్పుడు చూశాను.

ఏప్రిల్ ఇరవై ఏడు. ఐదు రోజులుగా చినుకు లేదు. ఆకాశం నిండా నక్షత్రాలు. పొయ్యి చుట్టూ పదిహేను మందిమి కూర్చున్నాం. మగాళ్ళు వలలు బాగు చేసుకుంటున్నారు, ఆడవాళ్ళం తొడ మీద నార పేనుతున్నాం. రోజూ కల వచ్చినవాళ్ళే చెప్తారు, మావయ్య విని అర్థం చెప్తారు. ఆ రోజు మాత్రం ఆయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగారు. నీకేం వచ్చింది, నీకో, మరి నీకో అని. ఒకరికి పెళ్ళి, ఒకరికి తేనెపట్టు, ఎర్మెలిందమ్మకి చచ్చిపోయిన మొగుడు, అదీ తాగి.

నేను చెప్పాను. పడవంత లావు కొండచిలువ ఎగువన ఏటికి అడ్డంగా పడుకుంది మావయ్యా, నీళ్ళన్నీ అదే తాగేస్తోంది, పొట్ట ఉబ్బుతోంది, ఉబ్బి ఉబ్బి పగిలింది అని.

మీ తమ్ముడు ఇలారియో ఊరుకుంటాడా? "ఇదిగో, కొండమ్మాయికి కూడా మన కలలు వస్తున్నాయిరోయ్! అది పాము కాదే, రాత్రి నువ్వు మింగిన చేప" అన్నాడు. అందరూ నవ్వారు.

మావయ్య నవ్వలేదు. చిప్ప కింద పెట్టి లేచారు. "పిల్లలు, కత్తులు, కుండలు. ఇంకేమీ వద్దు. గుట్ట మీదకి నడవండి" అన్నారు.

వదినా, ఆ తర్వాత జరిగింది వినండి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. నవ్వినవాళ్ళు నవ్వు ఆపి లేచి, మిగతా ఇళ్ళవాళ్ళనీ లేపారు. ఎర్మెలిందమ్మ ఒక్కతే, నా కోళ్ళు లేకుండా నేను కదలను, మీరు పోయి చావండి అని తిట్టింది. ఇలారియో ఒక చంకలో కోళ్ళ బుట్ట పెట్టుకుని, వీపు మీద ఆవిడనెక్కించుకున్నాడు. దారి పొడుగునా ఆవిడ అతని నెత్తిన మొట్టుతూనే ఉంది.

గుట్ట ఎక్కాం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ముందు పచ్చిమట్టి వాసన వచ్చింది. తర్వాత చప్పుడు. నిలువుగా ఉన్న చెట్లు నిలువుగానే నడిచొచ్చాయి. మన ఇల్లు స్తంభాలతో సహా లేచి కొంతదూరం పడవలా వెళ్ళింది, కప్పులోంచి పొయ్యి పొగ ఇంకా వస్తూనే ఉంది. తర్వాత ఇల్లు లేదు. తొమ్మిదింటిలో ఏడిళ్ళు లేవు. పైన చుక్కలు కూడా ఇంకా పోలేదు వదినా. వాన లేకుండా అంత నీరు!

గుట్ట మీద మీ ముత్తాత నాటిన గ్వాయూసా చెట్లున్నాయి కదా. రెండు రోజులు మాకు తిండి లేదు, ఊట నీళ్ళలో కాచుకున్న ఆ పచ్చి ఆకే. ఆకలి తెలియలేదంటే అబద్ధం, కానీ ఎవరూ కూలబడలేదు. ఎర్మెలిందమ్మకి పట్టుకున్న వణుకు మూడో చిప్పకి తగ్గింది, తిట్లు మళ్ళీ మొదలయ్యాయి. కాచిన నీళ్ళే తాగారు గనక పిల్లల్లో ఒక్కరికీ కడుపు చెడలేదు. ఆకులు కోసేటప్పుడు ఆడవాళ్ళు చెట్టుకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకోవడం చూశాను. నేనూ అద్దుకున్నాను.

ఇప్పుడు గుట్ట మీదే కొత్త ఇళ్ళు వేస్తున్నారు. తెల్లవారుజామున అందరూ నా వైపే చూస్తున్నారు, ఇవాళ ఏం కల వచ్చిందని. ఇలారియో వెక్కిరించడం మానేశాడు, అదే నాకు అన్నిటికన్నా భయంగా ఉంది. తన తర్వాత పొయ్యి దగ్గర కలలు విని అర్థం చెప్పే చోటు నాదేనని మావయ్య అందరి ముందూ అన్నారు. ఆయన బాగా చిక్కిపోయారు. మీ గురించి అడగరు. ఎవరైనా పూయో అంటే మాత్రం పని ఆపి వింటారు.

పిల్లలకి నా ముద్దులు.

మీ మరదలు,
జెనోవేవా

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. నాకు ఏ కలా రాలేదు వదినా. ముందు రోజు సాయంత్రం ఏటిలో నీళ్ళు ఉన్నట్టుండి మోకాలి లోతుకి పడిపోయాయి. ఊరంతా బుట్టలతో దిగి చేపలు ఏరుకుంది, పండగే పండగ. నా తొమ్మిదో ఏట పతాతేలో ఇలాగే నీళ్ళు తగ్గాయి. ఎగువన కొండచరియ విరిగి అడ్డం పడిందని ఎవరికీ తెలియలేదు, తెల్లారేసరికి అది తెగింది. బట్టలుతకడానికి వెళ్ళిన మా పిన్ని దొరకలేదు. ఇక్కడ నీళ్ళు తగ్గిన సాయంత్రమే ఇది ఇలారియోకి చెప్పాను. "నీళ్ళున్నా భయమే, లేకపోయినా భయమేనా నీకు?" అని నా చేతిలో చేప పెట్టాడు. కోడలి మాట వినరు, కోడలి కల వింటారని పొయ్యి దగ్గర అలా అల్లాను. మనవాళ్ళలో కలలు నమ్మనిది మీరొక్కరే, అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

ఆ చోటు నాకు తగదని మొన్న మావయ్యకీ చెప్పేశాను. ఆయన బాగు చేస్తున్న వల పక్కన పెట్టారు. "నీళ్ళు తగ్గడం నేనూ చూశానమ్మాయ్, ఎందుకో అనుమానమూ వచ్చింది. మీ అత్త పోయినప్పటినుంచి నాకు కల రావడమే లేదు. నా మాట విని ఒక మనిషి పోయింది. ఇక నా అంతట నేను నోరు విప్పే ధైర్యం చాల్లేదు. ఇంకెవరైనా అంటారేమోనని అందర్నీ అడుగుతూ వచ్చాను. చివర నువ్వే మిగిలావు" అన్నారు.

ఇది మీకు రాయమని ఆయన అనలేదు. వద్దనీ అనలేదు. అటునుంచి మన ఊరికి పడవ శనివారాలు వస్తోంది.