పొడి డబ్బా పారేశాను

అక్కా, లేవగానే కాఫీ పెట్టుకోకు. ముందు బల్ల మీదున్న మాత్ర నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగు. అరగంట దాకా ఏమీ తినకు, నడుం వాల్చకు. కాల్షియం బిళ్ళ మధ్యాహ్నం భోజనం అయ్యాకే.

నీ ఖనిజాల పొడి కోసం వెతక్కు, చెత్తబండిలో పడేశాను. నిన్న నీ మంచం కింద ఊడుస్తుంటే, డాక్టరమ్మ రాసిన మాత్రలన్నీ పాత చెప్పుల పెట్టెలో అట్ట చింపకుండా దొరికాయి. ఛీ! చూడగానే ఒళ్ళు మండింది. "కాల్షియం కావాలి, కానీ గుల్లబారిన ఎముకలకి అదొక్కటే చాలదు" అని ఆవిడ చెబుతుంటే బుద్ధిగా తలూపావుగా! పక్కింటావిడ "మందులు ఒంటికి వేడి, ఇది ప్రకృతిసిద్ధం" అనగానే ఆ పొడి కలిపిన సున్నం కంపు నీళ్ళు గటగటా తాగేశావు. దాన్ని నీకు అంటగట్టిన ఆవిడ మొహం చూడబుద్ధి కావట్లేదు. మందంటే భయమైతే డాక్టరమ్మనే అడుగుదాం. నా దగ్గర దాచడమేంటి, అసహ్యంగా?

బస్సు టైమైంది, వెళ్తున్నా.

మరిచాను: దుప్పట్లు నానబెట్టాను, ముట్టుకోకు. పోయినసారి వాటిని పిండుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నావే, ఆ ఎముక చప్పుడు నాకు వంటింట్లోకి వినబడింది. నీకెప్పుడూ చెప్పలేదు.