మేనేజరు గది: అతి తీవ్రం

చిరంజీవి బావమరిదికి, బావ ఆశీర్వచనాలు.

ఇక్కడ అందరం క్షేమం. క్షేమం అని రాశాను కానీ నా గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. మన గొడుగుల కార్ఖానాకి నువ్వు కొత్త ఫోన్ సిస్టమ్ పెట్టి వెళ్ళిన మర్నాడే నా సెల్‌లో ఎర్రటి అక్షరాలు: "అతి తీవ్రం! రిసెప్షన్ స్పందించడం లేదు!" నా పై ప్రాణాలు పైనే పోయాయి. కుట్టు హాల్లో వాళ్ళందరినీ వీధిలోకి తరిమి, చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరుగెత్తాను. రిసెప్షన్ ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది. "ఏమైందమ్మా?" అంటే, "చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళానండీ" అంది.

అప్పటి నుంచీ ఒకటే పోరు. వాయిస్ మెయిల్ నిండితే అతి తీవ్రం. గోదాంలో రిసీవరు సరిగ్గా పెట్టకపోతే అతి తీవ్రం. మీ అక్కకి పురిటి నొప్పులు వచ్చినప్పుడు కూడా నేనింత హడలిపోలేదు!

ఫోన్ చేసి తిడదామంటే, నీ సిస్టమ్ ప్రతి మాటా రికార్డు చేస్తుందన్నావు. అందుకే ఈ ఉత్తరం. మన వ్యాను డ్రైవరు రోజూ నీ ఊరికి సరుకు తెస్తాడు కదా, జవాబు అతని చేతికే ఇవ్వు.

ఇట్లు,
హడలిపోయిన నీ బావ

తా.క. నా బల్ల మీది ఫోన్ కూడా ప్రతి అలారానికీ గుక్కపట్టి ఏడుస్తోంది. దాని నోరు నేనే మూయించాను. ఎలాగని అడగకు.

*

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

తప్పు నాదే. హడావిడిలో అన్ని అలారాలకీ 'అతి తీవ్రం' పెట్టి వదిలేశాను. సిస్టమ్‌లో 'అలారం నిర్వచనాలు' అని ఒక పేజీ ఉంది. ప్రతి అలారానికీ అక్కడ మూడు సంగతులు ఉంటాయి: ఏం జరిగితే మోగాలి, ఎంత తీవ్రం, ఎవరికి చెప్పాలి. తీవ్రత తగ్గించుకోవచ్చు. అక్కర్లేనివి ఆపేయవచ్చు. ఎవరికి చెప్పాలన్న చోట ఏ సెల్ నంబరైనా ఇవ్వచ్చు, కుట్టు హాలు లౌడ్‌స్పీకరైనా పెట్టవచ్చు.

ఒక్క 'ఫోన్ తీగ ఊడింది' అన్న అలారం మాత్రం ఆపకండి. అదొక్కటే నిజంగా అతి తీవ్రం. మా కంపెనీకి నేను తెచ్చిన మొదటి ఖాతాదారు మీరే. నా పరువు మీ చేతుల్లో ఉంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. పాస్‌వర్డ్ అక్క పుట్టినరోజు. మీకు గుర్తుండదు కాబట్టి అక్కనే అడగండి.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

పాస్‌వర్డ్ అడిగినందుకు మీ అక్క రోజంతా నాతో మాట్లాడలేదు. అయినా పని చక్కబెట్టాను. అలారాలన్నీ ఆవిడ సెల్‌కే మళ్ళించాను. నాకు తీరికేది? నా గదికి సంబంధించినవి మాత్రం పూర్తిగా ఆపేశాను. మేనేజరు మీద నిఘా ఏమిటి, విడ్డూరం కాకపోతే!

కానీ ఇప్పుడు ఇంకో పిడుగు పడింది. రిసెప్షన్ స్పందించడం లేదని మీ అక్కకి గంటగంటకీ మెసేజీ వస్తోందట. చూద్దును కదా, రిసెప్షన్ ఆవిడ ఎప్పుడూ మెట్ల మీదే! మోకాళ్ళ నొప్పులని సెలవడిగే మనిషి, పొద్దస్తమానం నా గుమ్మం దాకా ఎక్కొచ్చి, రొప్పుతూ, "మీకు ఫోన్ వచ్చిందండీ" అంటుంది. ఫోన్లున్న ఆఫీసులో ఫోన్ వచ్చిందని చెప్పడానికి మనిషి రావాలా? నేను కిందికి దిగేసరికి అవతలివాళ్ళు పెట్టేస్తున్నారు. పని ఎగ్గొట్టడానికి ఇదో వంక. ఈ శనివారం ఆఖరని చెప్పేశాను.

ఇట్లు,
నీ బావ

తా.క. శనివారమే పెద్ద షోరూం యజమాని మన సరుకు చూడటానికి వస్తున్నాడు. ఆయన ఆర్డరిస్తేనే ఈ వానాకాలం గట్టెక్కుతాం. ఎందుకో ముందుగా ఒక్క ఫోన్ కూడా చేయలేదు. గర్వం కాబోలు.

*

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం అందింది. రిసెప్షన్ ఆవిడ జీతం మీదే ఇద్దరు పిల్లల చదువు నడుస్తోంది. దయచేసి తొందరపడకండి. ఒక్క ప్రశ్నకి జవాబివ్వండి: మీ బల్ల మీది ఫోన్ నోరు ఎలా మూయించారు?

ఇట్లు,
మీ బావమరిది

తా.క. తువ్వాలు కప్పారనే జవాబు రావాలని దండం పెట్టుకుంటున్నాను.

*

బావమరిదికి,

ఈసారి ఆశీస్సులు లేవు.

ఇవాళ షోరూం యజమానిని కుట్టు హాల్లోకి తీసుకెళ్ళి, గుడ్డ నాణ్యత గురించి మాట మొదలుపెట్టాను. అంతలో లౌడ్‌స్పీకరు గర్జించింది: "అతి తీవ్రం! మేనేజరు గదిలో ఫోన్ తీగ ఊడింది!" ఒకసారి కాదు, ఊపిరి తీసుకుంటూ మళ్ళీ మళ్ళీ! కుట్టు మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ నా వైపే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. యజమాని గిరుక్కున తిరిగి రిసెప్షన్ వైపు వెళ్ళిపోయాడు. ఆర్డరు పోయింది. నేను గదిలోకి వచ్చి గడియ పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఇంత పని చేస్తావనుకోలేదురా! నీ సిస్టమ్ ఊడబీకి పంపిస్తాను. మీ కంపెనీకి ఫిర్యాదు కూడా రాస్తాను.

ఇట్లు,
ఒకప్పటి నీ బావ

తా.క. తీగ పీకింది నేనే. అయితే ఏం? అది నా తీగ.

*

తమ్ముడికి, అక్క దీవెనలు.

మీ బావ ఉత్తరం చూసి బెంగపెట్టుకోకు. లౌడ్‌స్పీకరు పని నాది.

ఆయన పుణ్యమా అని మెసేజీలన్నీ నాకే వస్తున్నాయి కదా. చూడబోతే పొయ్యి మీద కూర మాడుతోంది, చూడకపోతే మనసు ఆగదు. చివరికి రిసెప్షన్‌కే ఫోన్ చేశాను. ఎంతసేపటికో ఆవిడ రొప్పుతూ పలికింది. మీ బావకొచ్చే ఫోన్లు ఆయన గదిలో పలకక, తిరిగి ఆవిడకే వస్తున్నాయట. "చెప్పడానికి పైకెళితే తిడతారమ్మా, వెళ్ళకపోతే ఆర్డర్లు పోతాయి" అంది. ఆ షోరూం యజమాని కూడా వారమంతా చేస్తూనే ఉన్నాడట. ఆవిడ ప్రతిసారీ ఎక్కుతూనే ఉందట.

నాకు వెంటనే వెలిగింది. నిద్ర పాడవుతోందని ఇంట్లో కాలింగ్ బెల్లు తీగ పీకిన మనిషే కదా! నోటితో చెప్పచ్చుగా అంటావేమో. నా మాటకి ఈ ఇంట్లో ఎప్పుడూ 'స్వల్పం' అనే తీవ్రతే. అందుకే శనివారం నా పుట్టినరోజు కొట్టి ఆ పేజీ తెరిచి, ఆయన ఆపేసిన తీగ అలారాన్ని లేపాను. ఎవరికి చెప్పాలన్న చోట లౌడ్‌స్పీకరు పెట్టాను.

షోరూం యజమాని వెళ్ళిపోలేదు. నేరుగా రిసెప్షన్‌కి వెళ్ళి, "వారం రోజులుగా ఈ ఆఫీసులో పలికిన మనిషి మీరొక్కరే" అని ఆర్డరు ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆ సంగతి చెబుదామని ఆవిడ పైకి ఫోన్ చేస్తే పలకలేదు. ఆఖరి రోజే కదా, ఈసారి మెట్లు ఎక్కలేదు. ఆర్డరు కాగితం ముందు పెట్టుకుని అక్కడే కూర్చుంది.

సాయంత్రం మీ బావే మెట్లు దిగాడు. కాగితం చూశాడు. "సోమవారం రామ్మా. తప్పు నాది" అన్నాడట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ రెండో మాట నేనెప్పుడూ వినలేదు. ఆవిడ ఫోన్ చేసి చెబితే, ఇంకోసారి చెప్పించుకుని విన్నాను. ఫిర్యాదు మాట ఇక మరిచిపో.

ఇట్లు,
మీ అక్క

తా.క. కొత్త అలారం ఒకటి రాశాను. ఏం జరిగితే: తమ్ముడు వారం రోజులు అక్కకి ఫోన్ చేయకపోతే. ఎంత తీవ్రం: అతి తీవ్రం. ఎవరికి చెప్పాలి: మీ కంపెనీ మేనేజరుకి. ఆయన నంబరు నీ బిల్లు మీదే ఉంది. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి ఆరు రోజులు.