ఆ నాలుగు ప్లగ్గులూ మంచివే

కూమా పట్టణానికి పైన, కోల్డ్ పించ్ అనే చోట గొర్రెలు పెంచి బతికిన నోలా రూత్ క్వేల్ అనే నేను, కీర్తిశేషుడు క్లెమెంట్ క్వేల్ భార్యను, వయస్సు డెబ్భై ఏడు, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్వస్థచిత్తంతో, నా చేతిరాతతో రాసి పెడుతున్న కడపటి వీలునామా ఇది. నా ఊపిరితిత్తుల గురించి డాక్టరు చెప్పవలసింది చెప్పేశాడు. బుద్ధికి మాత్రం లోటు లేదు. ఇరవై రెండేళ్లు పనిచేయని బుద్ధి ఈ జూన్ నెలలోనే పనిచేయడం మొదలుపెట్టింది.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. దీన్ని అమలుపరిచే బాధ్యత కూమాలో వకీలుగా ఉన్న ఆండ్రియా సాల్కెల్డ్‌ది. చిత్తుప్రతి చూసి ఆవిడ, “నోలా గారూ, ఎవరికేం ఇస్తారో రాస్తే చాలండీ, కథంతా ఎందుకు?” అన్నది. ఆవిడకు అక్కర్లేకపోవచ్చు. నాకు కావాలి. ఒక్క అక్షరం కూడా తీసేయకూడదని ఆదేశిస్తున్నాను.

2. ఇల్లు, గొర్రెల కొట్టం, ఉత్తరపు కంచె దాకా ఉన్న భూమి యావత్తూ నా భర్త తమ్ముడి కొడుకు డారెల్ క్వేల్‌కు సర్వహక్కులతో దఖలు కావాలి. రెండేళ్లుగా ఇక్కడ సరైన వాన లేదు. గడ్డి ఉండవలసిన చోట రాళ్లు కనబడుతున్నాయి. డారెల్ దీన్ని అమ్మేస్తాడు, నాకు తెలుసు. అమ్ముకోరా, నిన్నేమీ అనను. క్లెమ్‌ను పూడ్చిన చోటు పట్టణంలో ఉంది కనుక అమ్మడానికి అడ్డం లేదు.

3. నా పెద్ద జామ్ గిన్నె ఊరి హాలులో టీలు కాచే ఆడవాళ్లకు. నా ఆప్రికాట్ జామ్‌లో తీపి తక్కువని ముప్పై ఏళ్లు చెప్పుకున్నారు, కానీ సీసా అడుగు దాకా నాకారు. గిన్నెలో లోపం లేదని ఇప్పుడు మీరే వండుకుని చూడండి. క్లెమ్ వానకోటు హాలు గుమ్మం పక్కన మేకుకు తగిలించాలి. తడిసి వచ్చినవాళ్లు ఎవరైనా వేసుకోవచ్చు. కుడి జేబులో చిల్లు ఉంది, అందులో ఏమీ పెట్టుకోకండి.

4. నా డీజిల్ పికప్ బండి, అంటే మేమంతా యూట్ అని పిలుచుకునేది, 1985 నాటిది, పొరుగున మెకానిక్‌గా ఉండిన లిండ్సే హాడో కూతురు మెర్ల్ హాడోకు చెందాలి. మెర్ల్ దాన్ని తీసుకోదు. కంచె అవతల నుంచి నన్ను చూస్తే మొహం తిప్పుకునే పిల్ల, నా బండి ఎందుకు తీసుకుంటుంది? అయినా రాస్తున్నాను. ఈ బండికి పొద్దున్నే స్టార్ట్ కాకుండా మొండికేసే రోగం ఉంది. ఆ రోగమేమిటో మెర్ల్‌కు వివరంగా చెప్పవలసిన రుణం నాకుంది.

మెర్ల్, మా ఎత్తు మీద జూన్, జూలై చలికాలంలో పొద్దున మైనస్ తొమ్మిది మామూలని నీకు నేను చెప్పనక్కర్లేదు. అందుకే ఇక్కడ ఎవరైనా సాయంత్రం బండిని దిగువకు ముక్కు పెట్టి ఆపుతారు. సెల్ఫ్ పనిచేయకపోయినా బ్రేకు వదిలితే దొర్లుతూ దొర్లుతూ అంటుకుంటుంది. గొర్రెల్ని బండిలోకి ఎక్కించే దిమ్మ దగ్గర మాత్రం వెనక్కి తెచ్చి ఆపక తప్పదు. అక్కడ బండి తోక పల్లంలో, ముక్కు ఎత్తులో ఉంటుంది. రాత్రికి దాన్ని అక్కడ వదలకూడదని ఇక్కడ అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

2002 జూలై పదో తేదీ సాయంత్రం, మర్నాడు సంతకు తీసుకెళ్లాల్సిన మూడు పొట్టేళ్ల కోసం నేనే యూట్‌ను దిమ్మకు ఆనించాను. క్లెమ్ కొట్టం దగ్గర నుంచి కేకేశాడు: “నోలా, పొట్టేళ్లను పొద్దున ఎక్కిద్దాం గానీ, ఇప్పుడు బండి తిప్పి పెట్టవే.” నేను, “పొద్దున్నే మళ్లీ ఇక్కడికే తేవాలిగా! లిండ్సే వారం కిందేగా కొత్త ప్లగ్గులు వేశాడు, దానికేం మాయరోగం? కూర చల్లారిపోతోంది, రా” అన్నాను. అతను వచ్చాడు. కూర బాగుందన్నాడు.

తెల్లవారుజామున అయిదింటికి క్లెమ్‌కు గుండెల్లో నొప్పి మొదలైంది. ఫోను తీగ ముందురోజే మంచు బరువుకు తెగి పడింది. అతన్ని బండిలో కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టాను. ఇంజను తిరిగింది, అంటుకోలేదు. బ్యాటరీ చచ్చేదాకా కొట్టాను. ముందుకు దొర్లించడానికి ఎదురుగా ఎత్తు, వెనక్కి పోనివ్వడానికి దిమ్మ అడ్డం. క్లెమ్ మీద దుప్పటి కప్పి, మంచులో పడుతూ లేస్తూ రెండు కిలోమీటర్లు పరుగెత్తి మీ నాన్న తలుపు బాదాను. ఆయన పైజమా మీదే కారు తీశాడు. మేం వచ్చేసరికి క్లెమ్ చెయ్యి డాష్‌బోర్డు మీద ఉంది. క్లెమ్ లేడు. నేను మీ నాన్న చొక్కా పట్టుకుని, “నీ ప్లగ్గులే నా మొగుణ్ణి చంపాయి” అన్నాను.

అంత్యక్రియల రోజు హాలులో, చేతిలో టీ కప్పుతో మీ నాన్న నా దగ్గరికి వచ్చాడు. మెల్లగా అడిగాడు: “నోలా, ఒక్క మాట చెప్పు. ఆ పొద్దున పొగ వచ్చిందా?”

డీజిల్ బండి గురించి ఈ చుట్టుపక్కల అందరికీ ఆయన నేర్పిన పాఠం అదే. సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్ వైపు చూడాలి. తెల్లటి పొగ వస్తే ఇంజనుకు డీజిల్ అందుతోంది, వేడి చాలక అంటుకోవడం లేదు, కాబట్టి ఇంజన్ను వేడెక్కించే ప్లగ్గులు చూసుకోవాలి. పొగే రాకపోతే డీజిలే అందడం లేదు, ప్లగ్గుల జోలికి పోనక్కర్లేదు.

మెర్ల్, పొగ రాలేదు. నేను అద్దంలో చూశాను. ఆ మాట నా నాలుక చివరే ఉంది. అది చెప్పడానికి బదులు, హాలంతా వినేట్టు, “తప్పించుకోవడానికి శవపేటిక పక్కన కూడా సందు వెతుక్కుంటున్నావా? సిగ్గులేదూ?” అన్నాను. నువ్వు అక్కడే బిస్కట్ల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నావు. మీ నాన్న కప్పు బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పట్టణం నుంచి వేరే మెకానిక్కును పిలిపించి, మీ నాన్న వేసిన ప్లగ్గులు పీకించి వేరేవి వేయించాను. ఆ రోజు నుంచి దిమ్మ దగ్గర బండిని రాత్రికి వదలనూ లేదు. ఎప్పుడూ ముక్కు దిగువకే. ఎంత చలిలోనైనా బండి పొద్దున్నే స్టార్ట్ అయింది. “చూశారా, ప్లగ్గులు మార్చగానే ఎలా అంటుకుంటోందో!” అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. ఒకేసారి రెండు మార్చి ఒకదానికే పేరు పెట్టాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నిప్పు లేనిదే పొగ రాదని ఊరు నమ్మింది. మీ నాన్న షెడ్డుకు ట్రాక్టర్లు రావడం ఆగిపోయింది. మూడేళ్లకు షెడ్డు మూసి, ఆయన రోడ్ల మీద గుంతలు పూడ్చే పనికి వెళ్లాడు. జిల్లాలో చెవి పెట్టి ఇంజను రోగం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి పార పట్టుకుని నిలబడితే, పక్క నుంచి ఈ బండిలోనే దుమ్ము రేపుకుంటూ పోయాను. ఒక్కసారి కాదు.

5. ఈ సంవత్సరం జూన్ పన్నెండున నా గొర్రెల్లో మిగిలినవన్నీ లారీ ఎక్కాయి. లారీలో పట్టని రెండు ముసలి గొర్రెల్ని మర్నాడు నేనే తీసుకెళ్దామని యూట్‌ను దిమ్మకు ఆనించాను. దిగేసరికి ఊపిరి అందలేదు. మళ్లీ ఎక్కి బండి తిప్పే ఓపిక లేక అలాగే వదిలేశాను. పొద్దున సెల్ఫ్ కొట్టాను. ఇంజను తిరిగింది, అంటుకోలేదు. అద్దంలో చూశాను. పొగ లేదు. ఈసారి బ్యాటరీ చావకముందే ఆపి, దిగి పనిముట్లు తెచ్చుకున్నాను.

తర్వాత ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కొక్కటీ బ్యాటరీ తీగలకు తగిలించాను. నాలుగూ ఎర్రగా కాలాయి. అప్పుడు వంటింట్లో అలమర మీద ఉన్న టీ డబ్బా దించాను. మీ నాన్న వేసిన నాలుగు ప్లగ్గులు ఇరవై రెండేళ్లుగా అందులోనే ఉన్నాయి. ఏనాటికైనా ఆయన మీద సాక్ష్యంగా పనికొస్తాయని దాచాను. వాటినీ తగిలించాను. మొదటిది ఎర్రబడింది. రెండోది ఎర్రబడింది. మూడోదీ, ఆఖరిదీ తగిలించాను. నాలుగూ నిప్పుకణాల్లా కాలాయి.

డీజిల్ పంపు ముందర జానెడు పారదర్శకపు పైపు ముక్క వేసి, చేత్తో పంపు కొట్టి చూస్తే డీజిల్‌తో పాటు బుడగలు. ఎక్కడో గాలి పడుతోంది. గొట్టం వెంబడి వెనక్కి పాకుతూ పోతే టాంకు మీద రబ్బరు అతుకు దొరికింది. అది క్లెమ్ వేసిందే. కలుపుమందు కొట్టే యంత్రం పైపు ముక్క మిగిలితే పారేయబుద్ధి కాక అక్కడ తొడిగాడు. ఆనాడు టార్చి పట్టుకున్నది నేనే. క్లిప్పు కింద వెంట్రుకంత పగులు. తోక పల్లంలో ఉంటే రాత్రంతా ఆ పగులు గాలి పీలుస్తుంది, గొట్టంలోని డీజిల్ వెనక్కి టాంకులోకి జారిపోతుంది. ముక్కు పల్లంలో ఉంటే టాంకే పైన, డీజిల్ ఎక్కడికీ పోదు. అప్పుడప్పుడూ ఒక చుక్క నేల మీద పడుతుందంతే. ఆ చుక్క కింద నేను ఇరవై రెండేళ్లు రోజూ సాయంత్రం జామ్ డబ్బా పెట్టాను.

క్లెమ్‌ను చంపింది ఆ పగులు, నా బద్ధకం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పు మీ నాన్న మీద వేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. ఈ కాగితం వల్ల షెడ్డు తెరుచుకోదు, ఆ ఇరవై రెండేళ్లలో ఒక్క పొద్దు కూడా తిరిగి రాదు.

ఆ నాలుగు ప్లగ్గులూ టీ డబ్బాతో సహా మెర్ల్‌కు ఇస్తున్నాను. అవి మంచివి. ఎప్పుడూ మంచివే. కొత్త రబ్బరు పైపు, రెండు క్లిప్పులు బండిలో సీటు వెనక పెట్టాను. పాత అతుకు నేను మార్చలేదు. మార్చే హక్కు హాడోలది.

6. పై నాలుగు, అయిదు నిబంధనలను నా అంత్యక్రియల రోజున ఊరి హాలులో, టీ పోయడానికి ముందే, ఆండ్రియా గట్టిగా చదవాలి. ఎవరూ మధ్యలో లేచి వెళ్లకుండా తలుపు దగ్గర డారెల్ నిలబడాలి. ఇది వినని వాళ్లకు నా జామ్ గిన్నెలో వాటా లేదు.

7. లిండ్సే హాడోకు ఏమివ్వాలో నాకు తెలియలేదు. ఇవ్వడానికి వెళ్లిన సంగతి మాత్రం రాస్తున్నాను.

ఆయన రెండేళ్లుగా పట్టణంలోని వృద్ధుల వార్డులో ఉన్నాడు. మతి పోయింది. మెర్ల్‌ను కూడా గుర్తుపట్టడం లేదని విన్నాను. జూలై మూడున వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని చేతిగుడ్డను మడతపెట్టి విప్పి మళ్లీ మడతపెడుతున్నాడు. నేను నోలానని చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. క్షమించమని కూడా అడిగాను, నా జన్మలో ఎవరినీ అడగని మాట. గుడ్డ మడత పెడుతూనే ఉన్నాడు. ఆలస్యంగా వచ్చినదానికి ఇంకేం దక్కుతుందని లేవబోతూ, ఎందుకో నోరు జారి, “బండి పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు, లిండ్సే” అన్నాను.

చేతులు ఆగాయి. తల తిప్పి నా వైపు చూశాడు. “పొగ వస్తోందా?” అన్నాడు.

ఇరవై రెండేళ్ల కిందటి ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పాను. “లేదు లిండ్సే. పొగ రాలేదు.”

“అయితే ప్లగ్గులు కాదమ్మా. డీజిల్ అందట్లేదు. బండి ఎట్లా ఆపావు, ముక్కు పైకా?”

“పైకే.”

“అదీ సంగతి. ఎక్కడో గాలి పడుతోంది. నువ్వేం భయపడకు,” అని నా చెయ్యి తట్టాడు. “మీ ఆయన్ను ఒకసారి ఇటు పంపు. ఇద్దరం కలిసి చూసేస్తాం.”

పంపిస్తానన్నాను.

2024 ఆగస్టు 19, సోమవారం, కూమా.

(వ్రాలు) నోలా రూత్ క్వేల్

పై సంతకం మా యెదుట చేయగా చూసి, ఆమె యెదుటనే మేమూ సంతకం చేసిన సాక్షులు:

1. సలోటె వైనికోలో, నర్సు, వృద్ధుల వార్డు. ఏడవ నిబంధనలో రాసిన మాటలు జరిగినప్పుడు నేను ఆ గదిలోనే మందులు ఇస్తున్నాను. అవి నిజం.

2. హ్యూ ప్రెంటిస్, కోల్డ్ పించ్ దారిలో ఉత్తరాలు పంచేవాడు.