నిండు చెంబు

చిన్నోడా,

ఈ రోజుకి నువ్వు పోయి ఏడాది. పొద్దున్న సీతమ్మధార నుంచి బీచి దాకా, కిడ్నీ జబ్బువాళ్ళ వైద్యానికి చందాల కోసం నడక పెట్టారు. అయినవాళ్ళకి కిడ్నీ ఇచ్చినవాళ్ళని దండలేసి ముందు నడిపించారు. ఎండ కదా అని దారిలో చలివేంద్రం పెట్టి, నీళ్ళు పోసే పని నాకు అప్పగించారు.

నాకు! నీ కిడ్నీలు పాడయ్యాక మంచినీళ్ళ కుండని అటకెక్కించిన దాన్ని. "ఒక్క గుక్కే కదక్కా, ఏటైపోద్ది?" అని నువ్వు బతిమాలుతుంటే, నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి, రోజుకి మూడు గ్లాసులే అన్నాడు డాక్టరు అంటూ చెంబు లాక్కున్న దాన్ని. చివరి రోజు పొద్దున కూడా లాక్కున్నాను.

జబ్బుతో ఉన్నవాళ్ళు కొందరు నా కుండల వైపు చూడకుండా తల తిప్పుకుని వెళ్ళిపోయారు. వీళ్ళ దారిలో చలివేంద్రం పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందోగాని, నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతలో మల్కాపురం ఆయనట, ఒకాయన వచ్చి నా ముందు ఆగాడు. పక్కనే దండతో ఆయన భార్య. మద్రాసులో ఆపరేషన్ చేసి ఆవిడ కిడ్నీ ఈయనకి పెట్టారట. దోసిలి పట్టి, పాత అలవాటు కాబోలు, ముందు ఆవిడ మొహంలోకి చూశాడు.

"తాగండి. ఇప్పుడు ఎవులూ ఏటీ అనరు," అందావిడ.

చెంబు వంచాను. గటగటా తాగాడు. మళ్ళీ ముంచి పోశాను. "సాలమ్మా, సాలు," అని దోసిలి తీసేశాడు.

నీళ్ళు నేలమీద పడుతున్నా, చెంబు ఖాళీ అయ్యేదాకా నా చెయ్యి ఆగలేదురా.