ఎదుటి డాక్టరు కూర్చున్న చోటు

శారదా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మొన్న నా కంటికి ఆపరేషనైంది. క్లినిక్ మూస్తే పేషెంట్లు విజయనగరం పెద్దాసుపత్రికి అలవాటు పడిపోతారని, నెల్లిమర్ల డాక్టర్లం ఒకరు లేనప్పుడు ఇంకొకరు చూడాలని అనుకున్నాం. నా బదులు ఎవరొచ్చారో తెలుసా? మన ఎదుటి క్లినిక్ డాక్టరు!

"ఆడిని గుమ్మం తొక్కనీకండి, మీ పేషెంట్లని లాగీసుకుంటాడు" అనేదానివి కదా. నాకూ అదే అనుమానం. నల్లకళ్లద్దాలతోనే వెళ్లి కిటికీలోంచి చూశాను. నా కుర్చీ ఖాళీ. అతను పేషెంట్లు కూర్చునే బల్ల మీద ఒక ముసలమ్మ పక్కన కూర్చుని బీపీ చూస్తన్నాడు.

"సోమవారం మీ డాక్టరుగారొస్తారు మామ్మా, ఆయనకే సూపించు" అంటన్నాడు.

ఇదేం ఎత్తో అనుకుంటూ ఇంటికొచ్చేశాను.

వచ్చే నెల అతను ఊరెళ్తన్నాడు. అతని క్లినిక్‌లో నేను కూర్చోవాలి. అతని కుర్చీ చూశాక ఏం చేస్తానో, ఇప్పుడు నా అనుమానమంతా నా మీదే.