సామి ముందు మొదటి మూత

సెప్టెంబర్ 8, సోమవారం

లైసెన్స్ వచ్చింది. ఇవాళ్టి నుంచి పిస్టల్ నా పేరు మీద. నాన్న పేరు మీద కాదు.

పోలీస్ స్టేషన్‌లో ఆఫీసరు మలాయ్ భాషలో నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. బట్ట కింద ఉండాలి. ఎవరికీ కనపడకూడదు. ఊరికే తీసి బెదిరించకూడదు. చివర్లో, ఇది నడుముకి ఉన్న రోజు కడుపులో చుక్క ఉండకూడదన్నాడు. ఆ మాట నా వైపు చూసి అనలేదు, నాన్న వైపు చూసి అన్నాడు. నాన్న నేల చూశాడు.

నాన్న మా ఊరు సుంగై సుమున్ చుట్టుపక్కల చిన్న రైతుల దగ్గర పామాయిల్ గెలలు కొని మిల్లుకి తోలతాడు. శనివారం వాళ్ళకి డబ్బు చేతికే ఇవ్వాలి. రెండేళ్ళ కిందట ఆ డబ్బు కోసం మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి కత్తితో నరికారు. అప్పుడు పిస్టల్ నాన్న నడుముకే ఉంది. కానీ అప్పటికే స్టౌట్ బీరు తాగి ఉన్నాడు. చొక్కా ఎత్తడానికే చెయ్యి తడబడింది. ఆ కుడిచెయ్యి ఇప్పుడు పిడికిలి పట్టదు. హాస్పిటల్ నుంచి వచ్చాక నాన్న మళ్ళీ తాగలేదు.

నేను సైబర్‌జయ సిటీలో చదువుకుని అక్కడే అకౌంట్స్ ఉద్యోగం చేసేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. ఆ డిగ్రీ పట్టుకుని ఈ మధ్యే తిరిగొచ్చి లారీ ఎక్కాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సెప్టెంబర్ 13, శనివారం

మొదటిసారి కట్టుకుని వెళ్ళాను. ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాళ్ళు ఇలాంటిదొకటి ఉంటుందని అనుకోరు. జీన్స్‌కి బెల్టు, పైన వదులు కుర్తా. కూర్చుంటే పక్కటెముకకి గుచ్చుకుంటుంది. వంగితే కనపడుతుందేమోనని భయం.

ఎవరు దగ్గరికొచ్చినా నేను ఒక అడుగు వెనక్కి వేస్తున్నాను. నాన్న అక్క కామాచ్చి అత్త ఊరుకోలేదు, లాగి కౌగిలించుకుంది. ఆమె చేతికి పిస్టల్ గట్టిగా తగిలింది. కట్నం డబ్బులు ఇప్పట్నించే మూట కట్టేస్తున్నావేటే అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చెమట నాకే వాసన వచ్చింది.

తీయవలసిన పని రాలేదు. ఎప్పటికీ రాకూడదు.

సెప్టెంబర్ 20

పాత ఆఫీసు స్నేహితులు రమ్మంటే కేఎల్ సిటీకి వెళ్ళాను. పిస్టల్ ఇంట్లో సేఫ్‌లో, తాళం నా మెడలో. ఒక బీర్ తాగాను. నేనేమీ సన్యాసిని కాదు. ఆ రెండూ ఒకచోట ఉండకూడదు, అంతే.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఆయుధపూజ దగ్గరికొస్తోంది. పాత ఎస్టేట్ చివర కాపలా దేవుడు మునియాండి సామి గుడిలో మా వాళ్ళంతా చేస్తారు. గెలలు కోసే కొడవళ్ళు, ఉలులు, లారీ తాళాలు, కాటా, అన్నీ వరసగా పెడతారు. వరసలో మొదట, ఇంటిని కాపాడే ఆయుధం. సామికి బ్రాందీ పోస్తారు. తర్వాత ఆ సీసా మూత నిండా పోసి, మొదటి ఆయుధం ఎవరిదో వాళ్ళకిస్తారు. వాళ్ళు తాగితేనే మిగతా వాళ్ళకి. తాగకపోతే సామి అలిగి ఆయుధాన్ని ఇంటి మీదికే తిప్పుతాడని నమ్మకం.

ఇన్నేళ్ళూ ఆ మూత నాన్నది. ఈసారి నాది. పూజారి దాసు తాత ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

పిస్టల్ తీసుకురానన్నాను. నాన్న ఒప్పుకోలేదు. సామికి చూపించకుండా ఇంట్లో ఎలా పెట్టుకుంటామన్నాడు. సరే, తూటాలు తీసేసి ఎర్రగుడ్డలో చుట్టి పెడతాను, మూతలో మాత్రం కొబ్బరి నీళ్ళు పొయ్యమన్నాను. దాసు తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. మునియాండికి డాక్టర్ వద్దన్నాడని చెప్పమంటావా అన్నాడు.

పూజ అయ్యాక పిస్టల్ నడుముకి కట్టుకుని లారీ నడుపుకుంటూ ఇంటికి రావాలి. సేఫ్ ఇంట్లోనే ఉంది. ఇది వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఒక్క మూతే కదా అంటారు. ఒక్క మూతే.

అక్టోబర్ 1, బుధవారం

తాగలేదు.

దాసు తాత మూత నా ముందు పట్టుకుని నిలబడ్డాడు. తప్పెట ఆగిపోయింది. క్షమించమన్నాను. పిస్టల్ నా ఒంటి మీద ఉన్న రోజు ఎవరిచ్చినా తాగనని, సామి ఇచ్చినా తాగలేనని చెప్పాను. మాట పూర్తిచేశాను.

కామాచ్చి అత్త వెనకనుంచి, ఇక్కడందరిలా మాట చివర మలాయ్ "లా" తగిలించి, గట్టిగా అంది: "సదువుకున్న పిల్లకి సామి కూడా పర్మిట్ సూపించాలేటి లా?"

ఎవరో నవ్వారు. ఎవరో ఛీ అన్నారు. దాసు తాత చెయ్యి దించలేదు. నిండు మూతలోంచి బ్రాందీ ముసలాయన వేళ్ళ మీద కారుతోంది. ఆయన మొహంలో కోపం లేదు, భయం ఉంది. నా కోసమే భయం.

అప్పుడు నాన్న ముందుకొచ్చాడు. ఎడమచేత్తో మూత అందుకున్నాడు.

"నా కూతురు బదులు నాను," అన్నాడు.

తాగేశాడు. తప్పెట మళ్ళీ మొదలైంది. అందరి మొహాలూ తేలికపడ్డాయి. అమ్మ మొహం తప్ప.

నేను వద్దనగలిగేదాన్ని. మూత ఆయన నోటి దాకా వెళ్ళేంత సేపు నాకుంది. నేను గెలిచానని అనుకుంటూ నిలబడ్డాను.

అక్టోబర్ 2

పొద్దున లారీలో నాన్న నోటినుంచి చూయింగ్ గమ్ వాసన. ఆయన ఎప్పుడూ నమలడు.

అక్టోబర్ 9, గురువారం

మళ్ళీ తాగుతున్నావా అని నాన్నని అడిగాను. సామి మొదలుపెట్టించాడు, సామే ఆపుతాడన్నాడు. నవ్వుతూ అన్నాడు, అందుకే ఇంకా భయం వేసింది.

అమ్మని అడిగితే, రెండేళ్ళ తర్వాత కలలో అరవకుండా పడుకుంటున్నాడే, నేనేటి సెయ్యనే అంది. రెండేళ్ళూ నాన్న నిద్రలో అరిచేవాడన్న సంగతి నాకు తెలియదు. నేను సైబర్‌జయలో ఉన్నాను. ఆయన తాగుడు మానేశాడని అందరికీ గొప్పగా చెప్పుకుంటూ ఉన్నాను.

లారీ తాళం ఆయనకి ఇవ్వడం లేదు. పక్కన కూర్చుంటున్నాడు. డబ్బు సంచి నా కాళ్ళ దగ్గర, పిస్టల్ నా నడుముకి, సీసా ఆయన సీటు కింద. నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలుసు. ముగ్గురం ప్రయాణం చేస్తున్నట్టుంది.

అక్టోబర్ 18, శనివారం

రాత్రయింది. ఇప్పుడు రాయగలను.

మధ్యాహ్నం, గెలలు దించే ర్యాంప్ దగ్గర. ఎల్లుండి దీపావళి కదా, రైతులంతా తొందరగా డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు. ఇద్దరు ముగ్గురు రావాలి. సంచి ఇంకా నా దగ్గరే ఉంది. నాన్న గోనె మీద కూర్చుని ఉన్నాడు, కళ్ళు ఎర్రగా.

మోటార్ సైకిల్ ఒకటి మట్టిరోడ్డు మీద వేగంగా వచ్చింది. ఇద్దరు. హెల్మెట్లు. వెనకవాడి చేతిలో ఏదో మెరిసింది. నాన్న లేచి, ఒచ్చేసినారు, ఒచ్చేసినారు పాపా, తియ్యి, కాల్చు అని కేకలు పెట్టాడు. నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. అంత భయం నేను మనిషి గొంతులో వినలేదు. ఆ భయం నాలోకి దిగిపోయింది. తీశాను. రెండు చేతులతో ఎత్తి పట్టాను. బండి ఆగింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది.

మెరిసింది రేకు డబ్బా.

కామాచ్చి అత్త కొడుకు జయకుమార్ బావ, వాడి స్నేహితుడు. అత్త మాకు మురుకులు పంపింది. పూజ దగ్గర అన్న మాటకి సంధి.

దించాను. వేలు ముందు తీశాను, తర్వాత చేతులు దించాను, నేర్పినట్టే. బావ హెల్మెట్ తీసి, మురుకులు గట్టిగా వచ్చాయని మా అమ్మే ఒప్పుకుంది, దానికి కాల్చేయాలేటి లా అన్నాడు. అని కింద కూర్చుండిపోయాడు.

డబ్బాని చూసిన ఆ క్షణం నాకెలా దొరికిందో తెలుసు. నా ఒంట్లో చుక్క లేదు కాబట్టి దొరికింది. కానీ నాన్న తాగిన మందు నా చెయ్యి ఎత్తించింది. నేను ఒట్టు పెట్టుకున్నది నా కడుపు గురించే. సీసా సీటు కింద ఉందని తెలిసీ పిస్టల్ కట్టుకుని బయల్దేరిన ప్రతి రోజూ నేను తప్పుగా లెక్కేశాను.

అక్టోబర్ 19

నాన్నకి చెప్పాను. అమ్మ ఎదుటే. ఒకే ఇంట్లో రెండూ ఉండవు. సీసా పోవాలి, లేకపోతే పిస్టల్ పోవాలి. పిస్టల్ పోతే మళ్ళీ ఎవరైనా వస్తే మన దగ్గర ఏమీ ఉండదు. ఆలోచించుకో నాన్నా అన్నాను. ఆయన సీసా పారేస్తానంటాడనే అనుకున్నాను. నేను ఆ మాట వినడానికే కూర్చున్నాను.

తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"తుపాకీ టేషన్లో ఇచ్చీసీ పాపా. అబద్ధం ఆడలేను. సీసా నానొగ్గలేను."

ఇంతవరకూ నాన్న నాతో ఇంత నిజం మాట్లాడలేదు.

అక్టోబర్ 20, దీపావళి

నూనె పెట్టి తలంట్లు అయ్యాయి. ఎవరూ టపాకాయలు కాల్చలేదు.

అక్టోబర్ 22, బుధవారం

స్టేషన్‌లో అదే ఆఫీసరు. పిస్టల్ బల్ల మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను, బావ మీద గురిపెట్టింది కూడా. దాచి ఉంటే సులువుగా అయిపోయేది. ఆయన రాసుకున్నాడు. పై అధికారులు పిలుస్తారు, రావాలన్నాడు. వస్తానన్నాను. కాల్చలేదు కదా, ఎందుకు ఇచ్చేస్తున్నావని అడిగాడు. ఇంట్లో తాగేవాళ్ళున్నారన్నాను. మా నాన్న అని చెప్పలేదు. ఆయన అడగలేదు.

సాయంత్రం ఒక్కొక్క రైతు ఇంటికీ వెళ్ళి, ఇకనుంచి బ్యాంకులో వేస్తానని చెప్పాను. సగంమంది సరేనన్నారు. మిగతా వాళ్ళు చేతికే కావాలన్నారు. పెద్దవాళ్ళు, బ్యాంకు మెట్లు ఎక్కాలంటే భయం. వాళ్ళని తప్పు పట్టలేను.

తాగుడు మాన్పించే టౌన్ క్లినిక్‌కి వస్తానన్నాడు నాన్న. ఏ రోజో చెప్పలేదు.

నవంబర్ 1, శనివారం

చేతికిచ్చే డబ్బు పట్టుకుని వెళ్ళాం. కాలువ గట్టు మీద ఒక మోటార్ సైకిల్ చాలా దూరం మా వెనకే వచ్చింది. నాన్న అద్దంలో చూస్తూ ఉన్నాడు. కేకలు పెట్టలేదు. తర్వాత అది మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. నాన్న ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నా వైపే వచ్చింది. బ్రాందీ వాసన లేదు, చూయింగ్ గమ్ వాసనా లేదు.

లారీ నడిపాను.