ఆదివారాలు లెక్కలోకి రావు

27 ఫిబ్రవరి 2004, శుక్రవారం

నాకు మతిమరుపు రాలేదు. చర్చిలో ఎవరేమి చెప్పుకుంటున్నా, లెక్కల లెక్చరరుగా రిటైరైన ఈ దేవకృపకు పంతొమ్మిదో ఎక్కం దాకా అన్నీ కంఠతా వచ్చు. జరిగినది ఇది: మొన్న బూడిద బుధవారంతో లెంటు, మా నలభై రోజుల ఉపవాస దీక్ష, మొదలైంది. ఈస్టరు దాకా పక్కింటి జ్ఞానమణి మాంసం మానేసింది. నేను జవాబులు చెప్పడం మానేశాను.

కారణం, రిచర్డ్. సండే స్కూల్లో నా శిష్యుడు. ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్. "టీచరమ్మగారూ, మా కంప్యూటర్ పిల్లలు ప్రోగ్రాములు బట్టీ పడుతున్నారు. కాస్త ఆలోచించడం నేర్పండి" అన్నాడు. ఇద్దరిని పంపాడు: సీతామహాలక్ష్మి, తుకారాం. తుకారాం ఇప్పటికి రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాడు. ఏప్రిల్‌లో వచ్చే కంపెనీ కూడా కాదంటే, బోయిగూడలో మేనమామ కలప డిపోలో కూర్చోవలసిందే.

నియమం: ఎవరేది అడిగినా ఎదురు ప్రశ్న. ముందుగా అలవాటు పడాలని, "ఇవాళ ఏ వారం అక్కా?" అన్న జ్ఞానమణిని "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగాను. వదంతి అక్కడే పుట్టింది.

పుట్టనీ! మాంసం మానడం కన్నా ఇది తేలిక.

1 మార్చి, సోమవారం

సాయంత్రం ఐదు. చిలకలగూడ, మా వరండా. ప్రశ్న: గంట ఆరుసార్లు మోగడానికి, మొదటి మోత నుంచి చివరి మోత దాకా ఐదు సెకన్లు. పన్నెండుసార్లు మోగడానికి?

"పది!" అన్నాడు తుకారాం.

"ఎందుకని?"

"డబుల్ గద మేడం."

"డబుల్ అయినది ఏది?"

ఇద్దరూ వేళ్లు మడిచి లెక్కపెట్టసాగారు. ఎంత చక్కని దృశ్యం! వీళ్ల ప్రోగ్రాములు చెప్పిన పనిని ఒకసారి ఎక్కువో తక్కువో చేయడానికి మూలం ఇలాంటి లెక్కింపే.

5 మార్చి, శుక్రవారం

ఇంకా పదే.

"మా నాన్నగారు కూడా పదేనన్నారండీ" అంది సీతామహాలక్ష్మి.

"జెర హింటియ్యండి మేడం, మస్తు పరేషాన్ అయితున్న" అన్నాడు తుకారాం.

ఇవ్వలేదు. రాత్రి హాయిగా నిద్రపట్టింది.

10 మార్చి, బుధవారం

జ్ఞానమణి మజ్జిగతోడుకు వచ్చి, నిలబడి క్లాసంతా వింది. "ఎంతకీ చెప్పవేం అక్కా? నీకూ రాదా ఏమిటి? పోనీలే, వయసొచ్చింది. డాక్టరుకు చూపిద్దాం."

పిల్లల ముందు!

తుకారాం నా వైపు జాలిగా చూశాడు. జాలి! జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. రెండు గ్లాసుల మంచినీళ్లతో మింగాను.

14 మార్చి, ఆదివారం

లెంటు నలభై రోజుల్లో ఆదివారాలు లెక్కలోకి రావు. ఇది నేను కల్పించినది కాదు. జ్ఞానమణి సైతం ఇవాళ కోడి కూర వండుకుంది. సీతామహాలక్ష్మి రాలేదు; ఆదివారం వాళ్ల నాన్నగారి కొట్లో ఉంటుంది. తుకారాం వచ్చాడు.

కనుక, పదకొండు! చెప్పేశాను. లెక్కపెట్టవలసినవి మోతలు కావు, మధ్యనున్న ఖాళీలు. ఆరు మోతలకు ఐదు, పన్నెండింటికి పదకొండు. నా లెంటు నియమంతో సహా, ప్రహరీ అవతల జ్ఞానమణికి వినబడేటట్టు చెప్పాను.

"వారెవ్వా మేడం!"

ఎన్నాళ్లకు విన్నాను ఆ మాట!

21 మార్చి, ఆదివారం

తుకారాం వారంలోని సందేహాలన్నీ మూటకట్టి తెచ్చాడు. అన్నీ విప్పాను. సోమవారం నుంచి శనివారం దాకా అతను ఆలోచిస్తున్నట్టు లేదు; ఆదివారం కోసం కాచుకుంటున్నాడు. అయినా అడిగినవాణ్ణి కాదనడం క్రైస్తవ ధర్మమా?

25 మార్చి, గురువారం

రెండు జవాబులు చెప్పాను. రాబోయే ఆదివారం కోటాలోవి.

4 ఏప్రిల్, మట్టలాదివారం

చర్చి నుంచి చేతిలో మట్టతోనే వచ్చి కూర్చుని, రాబోయే బుధవారానికి కంపెనీవాళ్లు అడగగలిగినవన్నీ తుకారాంకు చెప్పేశాను. నియమం సంగతి ఇక్కడ రాయను.

7 ఏప్రిల్, బుధవారం

సీతామహాలక్ష్మికి ఉద్యోగం వచ్చింది. తుకారాంకు రాలేదు.

"గంట లెక్కనే మేడం. నాలుగుసార్లు మోగనీకి మూడు సెకన్లు అన్నడు. సవాల్ పూర్తి కాకముందే పదకొండు అన్న."

"అతను అడిగినదేమిటి?"

"ఏడుసార్లు మోగితే ఎంత అని."

ఆరు. చెప్పబోయి ఆగాను.

"మీరు చెప్పకుంటే మంచిగుంటుండె మేడం. నేనే దిమాక్ పెడుతుంటి."

సీతామహాలక్ష్మిని అడిగాను, నీకెలా తెలిసిందని. "మేడ మీద తీగకు బట్టల క్లిప్పులు పెడుతూ కనిపెట్టానండీ. తుకారాం చెప్పబోతే చెవులు మూసుకున్నాను."

ఆదివారాలు రాని పిల్ల!

11 ఏప్రిల్, ఈస్టరు

"లెంటు అయిపోయిందిగా అక్కా, ఇక అడిగినవన్నీ హాయిగా చెప్పు" అంది జ్ఞానమణి. రిచర్డ్ మరో అడుగు ముందుకు వేశాడు. జవాబులన్నీ రాసిస్తే అచ్చు వేయిస్తాడట! కుదరదన్నాను.

మే నెలలో ఇంకో కంపెనీ వస్తోంది. రేపు ఐదింటికి రమ్మని తుకారాంకు నిన్ననే ఫోను చేశాను. రేపటి నుంచి నాకు మళ్లీ లెంటు. చర్చి అయ్యగారి అనుమతి కోరలేదు. జ్ఞానమణి సలహా అసలే అడగలేదు. మతి పోయిందనుకునేవారు నిరభ్యంతరంగా అనుకోవచ్చు.

ఈసారి ఆదివారాలు లెక్కలోకి వస్తాయి.